ఐదో నంబరు టెలిటైపు

కంప్యూటరు గది తాళంచెవిని మధ్యాహ్నంలోగా డైరెక్టరుకు అప్పగిస్తానని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వీరరాఘవయ్య మాట ఇచ్చేశాడు. ఆ సంగతి సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ అంకారావుకు పోలీసులెవరూ చెప్పలేదు. అతను తిరువూరులో బస్సు దిగి, విస్సన్నపేట రోడ్డులో ఉన్న జల పరిశోధన కేంద్రానికి నడిచి వచ్చినప్పుడు గేటు పక్క గోడనీడలో అన్నం గిన్నె పెట్టుకుని కూర్చున్న షరీఫాబీ చెప్పింది. ముద్దాయి సుభాని ఆమె కొడుకు.

ఆమె ఏడవడం లేదు. ఏడుపు అయిపోయాక మిగిలిన మనిషిలా ఉంది.

"మీరు కొత్తగా ఏమన్నా రాస్తారా సారూ, వాళ్లు రాసినదాని కింద సంతకం పెట్టి పోతారా?" అని మాత్రం అడిగింది.

చూస్తానమ్మా అన్నాడు అంకారావు. ఆ మాటకు ఎంత విలువుందో ఇద్దరికీ తెలుసు.

కేసు చూడ్డానికి చిన్నది. పాత జిన్నింగు మిల్లును బాగుచేసి ఒక ట్రస్టు ఆ కేంద్రాన్ని నడుపుతోంది. నేల కింద నీళ్లెక్కడున్నాయో ఊరూరా కొలతలు తీసి, ఆ లెక్కలు కంప్యూటరుకు ఎక్కిస్తారు. అది చూపించిన చోట బోర్లు పడతాయి. విదేశంలో ఒక యూనివర్సిటీ వాడి వదిలేసిన కంప్యూటరు అది. యూనిక్స్ అనే పద్ధతి మీద నడుస్తుంది. దాని మీద పనిచేసే కుర్రాడు కృపానందం, సొంతూరు పెనుగొలను. పోయిన గురువారం సాయంత్రం ఆ గదిలో, టేపులు తిరిగే ఇనుప బీరువా దగ్గర కరెంటు కొట్టి చచ్చిపోయాడు. బీరువాకు ఉండాల్సిన ఎర్తు తీగ ఊడదీసి ఉంది. తీగల పని చూసేది సుభాని. ఆ పొద్దునే జనరేటరు విషయంలో ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. వీరరాఘవయ్య ఆ రాత్రికే గదికి సీలు వేసి సుభానిని లోపల వేశాడు. కృపానందం తండ్రి బెజవాడ దాకా వచ్చి పై అధికారుల కాళ్లమీద పడకపోతే అంతటితో అయిపోయేది.

అంకారావు, వీరరాఘవయ్య ఒకే ఏడాది ఎస్సైలుగా చేరినవాళ్లు. ఒకరికి దక్కిన ప్రతిదీ రెండోవాడికి దక్కకుండా పోయిందే. వరండాలో ఎదురుపడగానే వీరరాఘవయ్య నవ్వాడు.

"బెజవాడ నుంచి ఇంత దూరం ఎందుకొచ్చారండీ? మేం సరిగ్గా రాయలేదనా?"

"రాసింది చదివాను. బాగానే ఉంది. చనిపోయినవాడు ఆ గదిలోకి ఎందుకెళ్లాడన్నది మాత్రం రాయలేదు."

"పనిచేసుకోడానికి వెళ్లాడు."

"ఆ గదిలో మిషన్ మీద ఆ సాయంత్రం ఎవరూ పనిచెయ్యలేదని కూడా మీరే రాశారు."

వీరరాఘవయ్య ముఖంలో నవ్వు పోయింది. పన్నెండింటికి తాళం ఇచ్చేస్తున్నానని, అప్పటిదాకా ఏం చూసుకున్నా అభ్యంతరం లేదని చెప్పి సీలు తీశాడు.

లోపలికి దుమ్ము పోకూడదని గుమ్మం బయటే చెప్పులు విడవాలి. కృపానందం కూడా ఉత్త కాళ్లతోనే పోయాడు. అంకారావు చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, ముందు బీరువా వెనక మోకాళ్లమీద కూర్చున్నాడు. ఎర్తు తీగ బిగించే మర పక్కనే నేలమీద పడి ఉంది. దాని తల చూశాడు. గాడి అంచులు అణిగిపోయి మెరుస్తున్నాయి. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే అలా అవదు. మందంగా, గుండ్రంగా ఉన్నదేదో, రూపాయి బిళ్లలాంటిది, పెట్టి బలంగా తిప్పారు. సుభాని సామాన్ల సంచిలో మూడు స్క్రూడ్రైవర్లు దొరికినట్టు వీరరాఘవయ్యే పంచనామాలో రాయించాడు.

ఎర్తు లేకపోతే బీరువా ప్రమాదకరమవుతుంది కానీ దానంతట అది మనిషిని చంపదు. ఎక్కడినుంచో కరెంటు దానికి తగలాలి. లోపలి ఫ్యాను తీగ చూశాడు. ఒకచోట రబ్బరు తొడుగు లేదు. పాతబడి పగిలింది కాదు, బ్లేడుతో శుభ్రంగా కోసింది. ఊడ్చి తుడిచే మనిషిని పిలిపించి అడిగితే, పొద్దుటిపూట తప్ప నేల తడపనని చెప్పింది. శవం ఎత్తినప్పుడు వీపు కింద చొక్కా తడిగా ఉందని పంచనామాలో ఉంది.

"వైరుమేనుకు ఇవన్నీ చెయ్యడం రాదంటారా?" అన్నాడు గుమ్మంలోంచి వీరరాఘవయ్య.

"వాడికి వచ్చు కాబట్టే ఇలా చెయ్యడు. సంచిలో స్క్రూడ్రైవరు పెట్టుకుని బిళ్లతో మర తిప్పేవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు."

"మీరు చూడకపోతే కోర్టు కొట్టేస్తుందా?"

మాట అక్కడుండగానే డైరెక్టర్ సీతారామారావు వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఖద్దరు చొక్కా, మెల్లగా మాట్లాడే అలవాటు. చుట్టుపక్కల మామిడితోటలున్న కుటుంబం. విదేశంలో చదివొచ్చి, కంప్యూటరును ఈ ఊరికి తెప్పించింది ఆయనే. కృపానందాన్ని తన కొడుకులా చూసుకున్నానన్నాడు. కేంద్రం పని వారం రోజులుగా ఆగిపోయిందని, ఎండాకాలం వెళ్లేలోగా బోర్ల జాబితా తేలకపోతే పల్లెలు ఇబ్బంది పడతాయని అన్నాడు.

పెనుగొలను కాలనీకి పడాల్సిన బోరు విస్సన్నపేట దగ్గర మామిడితోటకు ఎలా వెళ్లిందని అంకారావు అడిగాడు. బెజవాడలో కృపానందం తండ్రి చెప్పిన సంగతి అది. ఆ కాలనీలో కొలతలు స్వయంగా తీసింది కృపానందమే. అక్కడ నీళ్లున్నాయని చెప్పి తండ్రిని సంతోషపెట్టాడు. నెల తిరిగేసరికి కంప్యూటరు లేవంది. మిషన్ వచ్చి బోరు వేసిన తోట డైరెక్టరు బావమరిదిది. లెక్క మారింది నాన్నా, సార్‌ని అడుగుతాను అని చనిపోయే ముందు ఆదివారం కృపానందం ఇంట్లో అన్నాడు.

సీతారామారావు కొంచెం కూడా తడబడలేదు. కొలతల్లో పొరపాట్లు సహజమని, కుర్రాడు అడిగాడని, తను వివరించానని చెప్పాడు.

"గురువారం సాయంత్రం మీరెక్కడున్నారు?"

"తోటలో, బంగళాలో. ఆరున్నర నుంచి ఎనిమిది దాటేదాకా రిపోర్టు టైపు చేశాను. అక్కడి టెలిటైపు, అదే టైపు మిషను, ఇక్కడి కంప్యూటరుకు తీగతో కలిపి ఉంది. నా మాట నమ్మక్కర్లేదు. ఎవరు ఎప్పుడు ఏ టెలిటైపు మీద కూర్చున్నారో కంప్యూటరే రాసుకుంటుంది. ఆ కాగితం సి.ఐ.గారి దగ్గరుంది."

వీరరాఘవయ్య కాగితం చూపించాడు. ఆ గదిలో గోడవారగా ఉన్న టెలిటైపు నంబరు రెండు. బంగళాలోది ఐదు. గురువారం సాయంత్రం రెండు మీద ఎవరూ లేరు. ఐదు మీద సీతారామారావు ఉన్నాడు. కృపానందం కేక గేటు దగ్గర కాపలావాడికి వినిపించింది ఏడింటి ప్రాంతంలో. తోటలో ఎవరో అరిచారనుకుని ఊరుకున్నాడు, శవాన్ని చూసింది తొమ్మిదింటికి. ఆ సమయానికి ముందూ వెనకా ఐదో నంబరు ఆగకుండా పనిచేస్తూనే ఉంది.

బంగళా అక్కణ్ణించి కనిపించదు. తోట దాటి వెళ్లాలి. ఒకే మనిషి రెండుచోట్లా ఉండలేడు.

ఈ కాగితం చదివి పెట్టమని అంకారావు సరోజినీదేవిని పిలిపించాడు. కృపానందంతో పాటు కంప్యూటరు మీద పనిచేసే ఇంకొక్క మనిషి ఆమె. మద్రాసులో లెక్కల్లో ఎమ్మెస్సీ చదివింది. ముప్పై ఏళ్లుంటాయి. గదిలోకి వచ్చి, బీరువా వైపు చూడకుండా నిలబడింది. కాగితంలో ఉన్నది డైరెక్టరుగారు చెప్పినట్టే ఉందంది. చెప్పేటప్పుడు ఆయన వైపు కూడా చూడలేదు.

అంకారావుకు కంప్యూటరు గురించి ఏమీ తెలియదు. తెలియనివాడు అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఐదు అని రాసుంది. అది బంగళాలోదేనని కంప్యూటరుకి ఎవరు చెప్పారమ్మా?"

ఆమె చేతిలో కాగితం కదలడం ఆగిపోయింది.  సీతారామారావు ఏదో అనబోతే అంకారావు చెయ్యెత్తి ఆపాడు.

"ఫైళ్లు చెప్తాయండి," అంది. "ఈ పద్ధతిలో ప్రతి పరికరానికీ ఒక ఫైలుంటుంది. డిస్కుకి ఒకటి, టేపుకి ఒకటి, ఒక్కో టెలిటైపుకి ఒక్కోటి. తెరిచి చూస్తే లోపల ఏమీ ఉండదు. పైన పేరు, దానికి రెండు నంబర్లు, అంతే. మొదటి నంబరు అది ఏ రకం పరికరమో చెప్తుంది. రెండోది ఆ రకంలో ఎన్నో తీగో చెప్తుంది."

"కంప్యూటరు నమ్మేది పేరునా, నంబరునా?"

"నంబర్నేనండి. పేరు మన సౌకర్యం కోసం."

"ఎవరు ఎక్కడ కూర్చున్నారని రాసుకునేటప్పుడు ఏది రాస్తుంది?"

ఆమె తల వంచుకుంది. "పేరు."

వీరరాఘవయ్య గడియారం చూసుకున్నాడు. సరోజినీదేవి చెప్పిన మిగతాది అంకారావు ఒక్కొక్క ముక్కే అడిగి రాబట్టాడు. ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోయినప్పుడల్లా ఈ ఫైళ్లున్న చోటు చెడిపోయేది. అందుకని కంప్యూటరు మొదలైన ప్రతిసారీ పాతవి చెరిపేసి, ఏ పేరుకు ఏ నంబరు అన్నది వరసగా చెప్పి, కొత్తవి తయారుచేసే ఆజ్ఞలు ఒకచోట రాసిపెట్టింది ఆమె. రెండేళ్లుగా అలాగే నడుస్తోంది. ఆ ఆజ్ఞల్లో రెండో పేరుకు ఐదో తీగ, ఐదో పేరుకు రెండో తీగ అని ఎవరైనా మార్చి రాస్తే, తర్వాత కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి ఈ గదిలో కూర్చున్నవాడు బంగళాలో కూర్చున్నట్టు నమోదవుతాడు. మార్చే అధికారం ముగ్గురికి ఉంది. డైరెక్టరుకు, కృపానందానికి, ఆమెకు. గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది. సాయంత్రం కాకముందే తిరిగి వచ్చింది.

ఆ రాత్రి వీరరాఘవయ్య కేసు మూసేసే తొందరలో గదికి సీలు వేసి, కంప్యూటరు ఆపించేశాడు. అప్పటినుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆయన ఈ కేసులో చేసిన ఒక్క మంచిపని అదే. అది తను చేశానని ఆయనకు ఇంకా తెలియదు.

"మిషన్ స్టార్టు చెయ్యండి," అన్నాడు అంకారావు.

డిస్కు బలహీనంగా ఉందని, పోయినసారి కరెంటు కోతకే దెబ్బతిందని, తన రాతపూర్వక అనుమతి లేకుండా కుదరదని సీతారామారావు అన్నాడు. గొంతు పెరగలేదు కానీ మాటల వేగం పెరిగింది. తాళం ఇంకా పోలీసులదేనని అంకారావు గుర్తుచేశాడు. వీరరాఘవయ్య అడ్డం చెప్పలేకపోయాడు. చెప్పాలని మాత్రం ఆయన ముఖంలో ఉంది.

కంప్యూటరు పక్కనే దాన్ని మొదలుపెట్టే టెలిటైపు వేరే ఉంది. సరోజినీదేవి దాని ముందు కూర్చుని మీటలు వేసింది. డిస్కు మూలుగుతూ వేగం అందుకుంది. కాసేపటికి ఆమె ముందు కాగితం మీద అక్షరాలు పడ్డాయి.

ఐదో నంబరుకు ఒక మాట పంపమన్నాడు అంకారావు. ఏం పంపాలని ఆమె అడిగింది. నీ ఇష్టం అన్నాడు. ఆమె టైపు చేసింది.

ఎవరూ లేని గోడవార టెలిటైపు, సీతారామారావు కూర్చున్న కుర్చీ వెనక, ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కదిలి టకటకా కొట్టుకుంది. ఆయన లేచి నిలబడ్డాడు. అంకారావు వెళ్లి కాగితం చింపి పట్టుకున్నాడు. పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటే మాట ఉంది. కృపానందం.

"ఐదు ఇక్కడే ఉంది, డైరెక్టరుగారూ. గురువారం కూడా ఇక్కడే ఉంది. మీరు ఈ కుర్చీలోనే కూర్చున్నారు. వాణ్ణి పిలిచి ఆ బీరువా తెరవమన్నారు. వాడు పడిపోయాక కూడా ఎనిమిది దాటేదాకా కూర్చుని టైపు చేశారు."

"నేను చెయ్యలేదు," అన్నాడు సీతారామారావు. "నా పాస్‌వర్డు ఎవరికి తెలుసో నాకు తెలియదు. ఆ ఆజ్ఞలు రాసింది మాత్రం ఈ అమ్మాయి. అది సి.ఐ.గారు రాసుకుంటే మంచిది."

సరోజినీదేవి కుర్చీలోంచి లేవలేదు. మీటల మీద చేతులు అలాగే ఉన్నాయి.

"మార్చింది కృపానందమేనండి," అంది. "గురువారం పొద్దున నా ఎదురుగానే మార్చాడు. సార్ చెప్పారన్నాడు. బంగళాలో టెలిటైపు రిపేరులో ఉందట. ట్రస్టువాళ్లు అది వాడటం లేదని వెనక్కి తీసుకుపోతారట. అందుకని సార్ ఇక్కడ కూర్చున్నా అక్కడ వాడుతున్నట్టు పడాలట. నేను నవ్వాను. వాడూ నవ్వాడు. పనిలో పనిగా లెక్క సంగతి కూడా సాయంత్రం సార్‌తో మాట్లాడేస్తానన్నాడు, సార్ మంచి ధోరణిలో ఉన్నారని."

 తనను చంపబోయేవాడు తప్పించుకునే దారిని ఆ కుర్రాడు స్వయంగా, రెండు అంకెలు అటూఇటూ చేసి, నవ్వుకుంటూ తయారుచేసి ఇచ్చాడు. 

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నో లేదో కూడా తెలియదండి. సుభానిని తీసుకుపోవడం చూశాను. పేదవాణ్ణయితే అంత తేలిగ్గా తీసుకుపోతారు, ఆడదాన్నయితే ఇంకా తేలికనుకున్నాను."

వీరరాఘవయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆ ఆజ్ఞలు ఉన్నవి ఉన్నట్టుగా రెండో డిస్కు మీదికి కూడా ఎక్కించమని, మార్చిన తేదీ, వేళ చెడకుండా చూడమని అంకారావు ఆమెకు చెప్పాడు. ఆమె మొదలుపెట్టింది. అప్పుడతను వీరరాఘవయ్య వైపు తిరిగి, సుభానిని ఇక్కడికి తీసుకురమ్మన్నాడు.

"స్టేషన్లో లేడు," అన్నాడు వీరరాఘవయ్య. "బంగళాకి పంపించాను. ఒక కానిస్టేబుల్ని తోడిచ్చాను."

"ముద్దాయిని బంగళాకి ఎందుకు పంపించారు?"

"డైరెక్టరుగారు అడిగారు. అక్కడి టెలిటైపుకి కూడా ఎర్తు సరిగ్గా లేదట. ఇంకో ప్రాణం పోకుండా చూసుకోవాలి కదా. ఊళ్లో వేరే వైరుమేను ఎవడున్నాడు?"

అంకారావు సీతారామారావును చూశాడు. ఆ ముఖంలో ఏ మార్పూ లేదు. వినపడుతున్న సంభాషణ తనకు సంబంధించింది కాదన్నట్టు చొక్కా చేతులు సరిచేసుకుంటున్నాడు. ఆ సరిచేసుకోవడమే అంకారావుకు అంతా చెప్పింది. ముద్దాయి కూడా కరెంటు కొట్టి పోతే ఇంక కేసే ఉండదు. తన తప్పుడు పనికి తనే బలయ్యాడని రాసుకుంటారు.

తోట దాటి పరిగెత్తినా సమయం పడుతుంది. బంగళాకు ఫోను లేదు. మెయిన్ స్విచ్ వరండాలో గోడకుంది. ఆవరణ మొత్తానికి, బంగళాతో సహా, అదొక్కటే.

అంకారావు గుమ్మం దాటి స్విచ్ పిడి మీద చెయ్యి వేశాడు. వెనకనుంచి సరోజినీదేవి లేచి వచ్చింది.

"డిస్కు రాస్తోందండి. ఇప్పుడు ఆపితే రెండు డిస్కులూ పోవచ్చు. ఒక్క నిమిషం ఆగితే..."

ఆ తర్వాత ఆమే ఆగిపోయింది. ఒక్క నిమిషం అన్న మాట తన చెవులకే వినిపించినట్టుంది.

అతను పిడి కిందికి లాగాడు.

గదిలో దీపం, ఫ్యాను, డిస్కు మూలుగు ఒక్కసారి పోయాయి. ఆ నిశ్శబ్దంలోంచి ఇనుము మీద గోరుతో గీసినట్టు సన్నటి చప్పుడు వచ్చింది, చాలాసేపు వచ్చింది. సరోజినీదేవి కళ్లు మూసుకుంది. పిడి మీదికి ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వద్దని ఆమెకు చెప్పి అంకారావు పరిగెత్తాడు. వీరరాఘవయ్య కూడా వెంట వచ్చాడు.

బంగళా వెనక గదిలో నేల అప్పుడే కడిగి ఉంది. సుభాని ఉత్త కాళ్లతో గొంతుక్కూర్చుని, టెలిటైపు ఇనుప స్టాండుకు చెయ్యి చాచి ఉన్నాడు. కుడిచేతి వేళ్లు వాచి, స్క్రూడ్రైవరు పట్టు దొరక్క ఎడమచేత్తో పట్టుకున్నాడు. చెయ్యికీ స్టాండుకూ మధ్య జానెడు దూరం లేదు. కానిస్టేబులు ముందు వరండాలో మజ్జిగ తాగుతున్నాడు.

"కరెంటు పోయిందండి," అన్నాడు సుభాని, తప్పు తనదేమోనన్నట్టు.

అతన్ని లేపి పక్కన నిలబెట్టి అంకారావు స్టాండు వెనక చెయ్యి పెట్టాడు. ప్లగ్గు తీగకు ఒకచోట తొడుగు లేదు. బ్లేడుతో శుభ్రంగా కోసి, రాగి స్టాండు కాలికి ఆనేలా నొక్కి పెట్టారు. బీరువాలో చూసినదే ఇక్కడా ఉంది. అతను వీరరాఘవయ్యను దగ్గరికి పిలిచి చూపించాడు. ఆయన వంగి చాలాసేపు చూశాడు. నిటారుగా నిలబడ్డప్పుడు ఆయన కళ్లల్లో ఉన్నది ఆశ్చర్యం కాదు. లెక్క కట్టుకుంటున్నాడు.

"పొద్దుట్నుంచి ఈ గదిలో ఉన్నది వీడొక్కడే," అన్నాడు. "తీగ మీద ఇంకెవరి చెయ్యి ఉందంటారు?"

నేనిప్పుడే వచ్చానండి అని సుభాని అన్నాడు. ఆ మాట వీరరాఘవయ్య వినిపించుకోలేదు.

తిరిగి వచ్చాక స్విచ్ వేశారు. సరోజినీదేవి కంప్యూటరును మళ్లీ మొదలుపెట్టడానికి ప్రయత్నించింది. డిస్కు కొంచెం తిరిగి, గరగరమని ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. రెండోది కూడా అంతే. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. డిస్కు లోపల చదివే తల పళ్లేన్ని గీసేసిందని, ఆజ్ఞలే కాదు, రెండేళ్ల కొలతలు కూడా పోయాయని చెప్పింది. పెనుగొలను కాలనీలో నీళ్లున్నాయన్న అసలు లెక్కా వాటిలోనే ఉంది.

"సాక్షుల ముందు స్విచ్ మీరే ఆపారు, ఇన్‌స్పెక్టరుగారూ," అన్నాడు సీతారామారావు. నిజంగా బాధపడుతున్నట్టే అన్నాడు. "వద్దని మా అమ్మాయి చెప్తూనే ఉంది."

చేతిలో మిగిలింది కృపానందం పేరున్న కాగితం ముక్క. ఆ గదిలో టెలిటైపు మీద ఎవరైనా కూర్చుని ఆ పేరు కొట్టుకోవచ్చు. కోర్టులో మొదటి ప్రశ్న అదే వస్తుంది. అంకారావు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వీరరాఘవయ్య ఎదురుగా నిలబడ్డాడు. తొలి ఉద్యోగం రోజుల్లో ఇద్దరూ ఒకే గదిలో ఉండి, ఒకే కుంపటి మీద వండుకున్నవాళ్లు. ఆ రోజుల్లో పిలిచిన పేరుతోనే పిలిచాడు.

"రాఘవా. నువ్వు చూశావు. ఐదుకి పంపిస్తే ఇక్కడ కొట్టుకుంది. ఆ మాట రాయి, చాలు."

వీరరాఘవయ్య డైరెక్టరు వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది.

"మిషనేదో టకటకమంది. అది రెండో ఐదో నాకేం తెలుసు? నాకు కంప్యూటర్లు రావు. మీకూ రావు."

సుభానికి మళ్లీ బేడీలు వేయించాడు. వాచిన మణికట్టు మీద అవి సరిగ్గా పట్టకపోతే కానిస్టేబులు నొక్కి బిగించాడు. సుభాని అరవలేదు. తన ప్రాణం ఎందుకు, ఎలా దక్కిందో అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు. గేటు దగ్గర షరీఫాబీ లేచి నిలబడి కొడుకును జీపెక్కించడం చూసింది. తర్వాత వరండాలో ఉన్న అంకారావును చూసింది.  పొద్దున అడిగినదానికి జవాబు దొరికిందనుకున్నట్టు గిన్నె చంకన పెట్టుకుని స్టేషను దారి పట్టింది.

ఆమెను వెనక్కి పిలిచి ఇంకా అయిపోలేదమ్మా అని చెప్పాలనుకున్నాడు. ఏం మిగిలిందని చెప్పాలో తెలియలేదు.

వీరరాఘవయ్య తాళంచెవి తీసి సీతారామారావు అరచేతిలో పెట్టాడు. అప్పుడు సరోజినీదేవి గదిలోంచి బయటికి వచ్చింది.

"నాకొచ్చు కంప్యూటర్లు," అంది, ఇద్దరు పోలీసులనూ ఉద్దేశించి.  "ఏది ఎక్కడికి మార్చారో, ఎవరు చెప్తే మార్చారో నేను చెప్తాను. ఎక్కడ అడిగినా చెప్తాను. కాగితాలేమీ లేకపోయినా."

 అంకారావు గుండెలో మొదట వెలుతురులాంటిది కదిలింది. మరుక్షణం అతను సీతారామారావు ముఖం చూశాడు. పొద్దుటి నుంచి మొదటిసారి ఆ ముఖంలో శ్రద్ధ కనిపించింది. డిస్కు పోయింది, కాగితం పనికిరాదు, పోలీసు చూడలేదన్నాడు. ఇంక ఆ నిజం మిగిలింది ఒక్క మనిషి తలలోనే. ఆ మనిషి చేత ఆ మాట హంతకుడి ఎదురుగా అనిపించింది తనే.

"అలిసిపోయావు సరోజినీ," అన్నాడు సీతారామారావు ఆప్యాయంగా. "ఎండలో ఎక్కడ నడుస్తావు? మన జీపులో ఇంటి దగ్గర దించుతాను, రామ్మా."

మామిడిచెట్ల కింద నిలిపి ఉన్న కేంద్రం జీపు ఇంజను అప్పటికే స్టార్టు చేసి ఉంది. ఎవరు చెయ్యమన్నారో అంకారావు వినలేదు.